రంగు వదలని గుడ్డ

బుధవారం, మధ్యాహ్నం

చిరంజీవి చిట్టితల్లికి నాన్న దీవెనలు. మీ అమ్మా నేనూ క్షేమం. దూది సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం. ఫోన్లో అయితే నువ్వు ఏడుస్తావు, నీ గొంతు విని నేనూ మొదలుపెడతాను.

నువ్వు హాస్టల్‌కి వెళ్ళినప్పటి నుంచి నీ కుందేలు దూది నా కుట్టుమిషను కింద, గుడ్డముక్కల బుట్టలో కాపురం పెట్టింది. పోయిన వారం ఆ బుట్టలో తెల్ల ముక్కల మీద ఎర్రటి మరకలు కనిపించాయి. దర్జీ బుద్ధి ఎక్కడికి పోతుంది! కొత్త ఎర్ర గుడ్డ రంగు వదిలిందనుకుని, బట్టల షాపాయనతో పోట్లాడి వచ్చాను. మీ అమ్మ మాత్రం ఆ గుడ్డను నీళ్ళలో నానబెట్టి, నీళ్ళు తేటగానే ఉన్నాయి, ముందు దూదిని డాక్టర్‌కి చూపించమంది.

గర్భసంచిలో క్యాన్సర్ గడ్డ ఉందని డాక్టరమ్మ చెప్పింది. గర్భసంచి తీయించని ఆడకుందేళ్ళకి వయసు పెరిగేకొద్దీ ఇది తరచూ వస్తుందట. ఆలస్యమైతే ఊపిరితిత్తులకి పాకుతుందట. ఎక్స్‌రే చూసి, ఇంకా పాకినట్టు లేదు, ఇప్పుడే తీసేస్తే బతికే అవకాశం బాగానే ఉందని అంది. నిన్న తీసేశారు. అప్పుడప్పుడూ ఎక్స్‌రే మాత్రం తీయిస్తూ ఉండాలట.

కుట్లు చూశాను. ఫరవాలేదు, చేయి తిరిగిన మనిషే. దూది వాటిని కొరక్కుండా నా పాత చొక్కా చేతిని కత్తిరించి చిన్న అంగీ కుట్టాను. తన జాకెట్టు ఒక్కటైనా ఇంత శ్రద్ధగా కుట్టానా అని మీ అమ్మ దెప్పింది.

ఇప్పుడు ఒక్కటే దిగులు. కుందేలు మేత మానేస్తే ప్రాణానికే ముప్పని, తనంతట తాను తింటేనే గండం గడిచినట్టని డాక్టరమ్మ అంది. సిరంజితో మెత్తటి మేత పట్టిస్తున్నాం గానీ, ఆకు చూపిస్తే మూతి తిప్పుకుంటోంది. నాకు భయంగా ఉంది తల్లీ. ఇది రాస్తుంటే నా ఒళ్ళోనే పడుకుని ఉంది.

నువ్వు బెంగ పెట్టుకోకు. వేళకి తిను.

ఇట్లు,
మీ నా

తా.క. ఇది కాగితం వెనక రాస్తున్నాను. అటువైపు కింది మూల, దాంతోపాటు నా సంతకం సగం ఏమయ్యాయా అనుకుంటావు. కత్తెర తగల్లేదు. కళ్ళజోడు తుడుచుకుందామని ఉత్తరం మోకాలి మీద పెట్టాను, అంతే, కరకరమని చప్పుడు! ఆపరేషన్ తర్వాత దూది తనంతట తాను తిన్న మొదటి మేత మీ నాన్న సంతకమే. దాని వెంటే రెండు ఆకులూ లాగించింది. మీ అమ్మ కళ్ళు తుడుచుకుంటూనే, వేరే కాగితం మీద శుభ్రంగా రాయమంటోంది. నేను రాయను. పంటిగాట్లతో సహా పంపుతున్నాను, చూసుకో.