పచ్చ బటన్

నల్లగొండ, ఫిబ్రవరి 2023

ప్రియమైన రమకు,

మా పనిని ఆడిట్ చేయడానికి హెడ్డాఫీసు నిన్నే పంపుతోందని తెలిసి నవ్వొచ్చింది, భయమూ వేసింది. హాస్టల్లో నేను వండిన కూర బాగాలేదని మొహం మీదే చెప్పినదానివి నువ్వు! మన స్నేహం సంగతి ముందే మీ సారుకు చెప్పావట. "దోస్తానా ఉంటే ఉండనియ్, ఉన్నదున్నట్టు రాయి" అన్నాడట. మంచిదే.

ఫోన్‌లో అయితే గొడవపడతాం, అందుకే రాస్తున్నాను. పోయినసారి వచ్చిన ఆడిటరు రాగానే లావుపాటి ప్రణాళిక అడిగాడు. మాది అజైల్ పద్ధతి. రెండు వారాలు పని చేస్తాం, చూపిస్తాం, తప్పులుంటే దిద్దుకుంటాం. ముందే అంతా రాసిపెట్టుకోం. కాగితాలు వెతకకు, పని చూడు. అచ్చంపేట గూడేల్లో ఆశా వర్కర్ మా యాప్‌లో బటన్ నొక్కితే చాలు, కాన్పు కోసం అంబులెన్సుకు కబురు పోతుంది. వచ్చే నెలే మొదలుపెడుతున్నాం. నువ్వు మా ఇంట్లోనే దిగాలి.

నీ
శ్రీలత

అచ్చంపేట, మార్చి 2023

ప్రియమైన శ్రీలతా,

మీ ఇంట్లో దిగలేదని కోపం పెట్టుకోకు. ఆడిట్ అయ్యేదాకా అట్లాగే ఉండాలి. నువ్వన్నట్టే కాగితాలు అడగలేదు. పొద్దున్నే మీరంతా నిలబడి మాట్లాడుకునేటప్పుడు నేనూ మూలన నిలబడ్డాను. మీవాళ్లకు ఒకరంటే ఒకరికి ఎంత నమ్మకమో! డెమో చూసి అధికారులు చప్పట్లు కొట్టారు. కానీ ఆ గదిలో ఆశా వర్కర్ ఒక్కరూ లేరు.

తర్వాతి మీటింగులో మీ టీమ్‌లోని శివకృష్ణ "అక్కా, సిగ్నల్ లేని జాగాల..." అని మొదలుపెట్టగానే "అది తర్వాత జూద్దాం" అన్నావు. అందుకే ఇక్కడికి వచ్చాను. అడవి అంచు గూడెంలో ఆశా వర్కర్ అరుణమ్మ చేత ఉత్తుత్తిగా బటన్ నొక్కించాను. పచ్చబడింది. "పోయింది మేడం, ఇగ బండొస్తది" అంటూ చాప పరిచింది. కూర్చున్నాం. ఎంతసేపటికీ బండి రాకపోతే సిగ్నల్ ఉన్న చోటికి నడిచి ఫోన్ చేశాం, అంబులెన్స్ డ్రైవర్ యాదయ్యకు ఏ కబురూ అందలేదు. "నిజంగ నొప్పులొచ్చిన పిల్లైతే ఎంతసేపు గిట్లనే కూసోబెడ్తుంటినో" అంది అరుణమ్మ. ఆమె మొహంలోకి చూడలేకపోయాను.

మొదలుపెట్టవద్దనే రాస్తున్నాను. రిపోర్ట్ వెళ్లకముందే ఆ మాట నా ద్వారానే నీకు తెలియాలి.

నీ
రమ

నల్లగొండ, మార్చి 2023

రమా,

రెండు వారాలు ఆగితే దిద్దేవాళ్లం. మా పద్ధతే అది. ఇప్పుడంతా ఆగిపోయింది. టీమ్‌ను విడగొడతారంటున్నారు. ఇన్నాళ్లూ నన్ను నమ్మి పనిచేసినవాళ్లు నా మొహంకేసి చూస్తున్నారు. వాళ్లకేం చెప్పను? నువ్వు తప్పు రాశావనను. అయినా నిన్ను చూడాలని లేదు. ఇక రాయకు.

శ్రీలత

అచ్చంపేట, సెప్టెంబర్ 2023

ప్రియమైన రమకు,

రాయకు అన్నది నేనే, రాస్తున్నదీ నేనే.

టీమ్ విడిపోలేదు. నన్ను దించేశారని నీకు ఎవరో చెప్పే ఉంటారు. దించలేదు. నేనే పక్కకు జరిగి శివకృష్ణను ముందు నిలబెట్టాను. రెండు వారాలు చాలుతాయన్నాను కదా, చాలలేదు. ఎంత తన్నుకులాడినా సిగ్నల్ లేనిచోటు నుంచి కబురు పంపలేకపోయాం. చివరికి చేయగలిగింది ఇంతే: అవతల యాదయ్య ఫోన్‌కు కబురు అందితేనే బటన్ పచ్చబడుతుంది, లేకపోతే ఎర్రబడుతుంది. డెమోలు ఇప్పుడు అరుణమ్మ వాకిట్లోనే. "గిదేంది, గట్లెందుకు?" అని ఆమె ఒకటే ప్రశ్నలు.

మొన్న జోరువానలో గూడెంలోని బిక్షమ్మకు నొప్పులొచ్చాయి. నేనక్కడే ఉన్నాను. అరుణమ్మ బటన్ నొక్కింది. ఎర్రబడింది. మళ్లీ నొక్కి చూద్దామని నేను చెయ్యి చాచాను. ఆమె మాత్రం ఫోన్ కొంగున చుట్టుకుని, "ఎర్రగైంది మేడం, ఇగ జూసేదేం లేదు. ట్రాక్టర్ తెమ్మని చెప్త!" అని ఉరికింది. బిక్షమ్మ చెయ్యి పట్టుకుని నేనూ ఆ ట్రాక్టర్‌లోనే వెళ్లాను. దవాఖానకు చేరిన కాసేపటికే ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా బాగున్నారు. నువ్వు ఆపకపోయి ఉంటే ఆ రోజు మేమంతా వాకిట్లోనే కూర్చుని బండి కోసం చూస్తుండేవాళ్లం.

వచ్చే నెల ఇంకో గూడెంలో మొదలుపెడుతున్నాం. ముందుగా నువ్వే వచ్చి చూడాలని మీ సారుకు రాశాను. స్నేహితురాలివని పిలవడం లేదని ఇక్కడో వాక్యం రాసి కొట్టేశాను. స్నేహితురాలివి కాబట్టే పిలుస్తున్నాను. రా.

నీ
శ్రీలత