బియ్యం డబ్బాలో నాలుగు బటర్ ఫ్రూట్లు

జూన్ 16, సోమవారం

ప్రమీలను యూనిట్ వాళ్ళు బెంగళూరు పంపుతామన్నారు. నా భార్య ఇరవై రెండేళ్ళుగా బళ్ళారిలో జీన్స్ ప్యాంట్లకు జేబులు కుడుతోంది. దేశంలో ఎంతమంది ఆమె కుట్టిన జేబుల్లో చేతులు పెట్టుకుని పని చేయకుండా నిలబడి ఉన్నారో దేవుడికే తెలియాలి. ఇప్పుడు కంప్యూటర్‌తో నడిచే మెషీన్లు వస్తున్నాయట. నలభై రోజులు ట్రైనింగ్. తిరిగొచ్చాక తక్కినవాళ్ళకు ఈమే నేర్పాలి. సూపర్‌వైజర్ అవుతుంది. యూనిట్ మొత్తం మీద ఒక్క పేరే రాశారు. ఈమెదే.

పోను అంది. ఎందుకే అంటే, నేను పోతే నీకెవురు వండిపెడతారప్పా, కుక్కర్ ఎన్ని విజిల్స్ ఏసిందో లెక్కబెట్టేదే రాదు నీకు అంది.

నాకు యాభై ఆరు. నాలుగెకరాల మిరప పండిస్తున్నాను, ఆరేళ్ళు లారీ తోలాను, పంచాయతీ ఎలక్షన్లో నిలబడి ఓడిపోయాను కూడా. ఇంత అనుభవం ఉండి ఆ మాటకు జవాబు దొరకలేదు.

సాయంత్రానికి దొరికింది. ఆదివారం ఒక పూట నేను వండుతా, నువ్వు వంటింట్లో కాలు పెట్టొద్దు, తినేటట్టుంటే బెంగళూరు పో అన్నాను. నవ్వింది. సరే చూస్తాంలే అంది. ఫారం మీద సంతకం పెట్టి వచ్చే సోమవారం ఇచ్చేయాలి. అంటే నాకు ఆరు రోజులు.

జూన్ 17, మంగళవారం

పొద్దుట్నుంచి ఒకటే ఆలోచన. చారు చేస్తే ఆమె చారుతో పోలుస్తుంది. పప్పు చేస్తే ఆమె పప్పుతో పోలుస్తుంది. కాబట్టి ఆమె జన్మలో వండనిది వండాలి. తప్పు పట్టడానికి ఆమెకు ఆధారమే ఉండకూడదు. ఈ తెలివి ఎలక్షన్లో ఉంటే గెలిచేవాణ్ణి.

మేఘనకు ఫోన్ చేశాను. మా అమ్మాయి, బళ్ళారి హాస్టల్లో ఉండి బీఎస్సీ చదువుతోంది. ఎవరో పిల్ల వండే వీడియో ఒకటి పంపింది. అబ్బ! గిన్నెలో అడుగున అన్నం, దాని మీద పచ్చగా అవకాడో, దాని మీద చికెన్, మళ్ళీ అన్నం. ప్లేటులో బోర్లిస్తే నాలుగంతస్తుల మేడలాగా నిలబడింది. అవకాడో అంటే మన బటర్ ఫ్రూటే. మనం పాలు, చక్కెర కొట్టి జ్యూస్ తాగుతాం. నాయనా, దీంట్లోకి ఉప్పు, నిమ్మకాయ ఏస్తారు, అలవాటుకొద్దీ చక్కెర గిక్కెర ఏసేవు, జోపానం అంది మేఘన.

వీడియో పదకొండు సార్లు చూశాను. పన్నెండోసారి చార్జ్ అయిపోయింది.

జూన్ 18, బుధవారం

కౌల్ బజార్ పోయాను. తోపుడుబండి ఖాసీం దగ్గర బటర్ ఫ్రూట్లున్నాయి. చికెన్‌లోకి మంచివి ఇవ్వు అన్నాను. చేతిలో తక్కెడ అట్లే పట్టుకుని నా మొహం చూశాడు. అరే భాయ్, జ్యూస్‌కి తీసుకపోతారు, మొగానికి పూసుకోనీకి ఆడపిల్లలు తీసుకపోతారు, కోడికని ఇంతవరకు ఎవురూ అడగలే అన్నాడు. నేనే మొదటివాణ్ణి. బళ్ళారిలో మొదటివాణ్ణి! నాలుగు తీసుకున్నాను. ఒక్కొక్కటి రాయిలా ఉంది. బియ్యంలో పూడ్చిపెట్టు, నాలుగు రోజుల్లో మెత్తగయితాయి అన్నాడు.

ఇంటికొచ్చేసరికి పక్కింటి ఎల్లక్క గోడ మీద నుంచి, ఏంది చక్రప్పా, మామిడికాయలా అని అడిగింది. కాదక్కా, బటర్ ఫ్రూట్, చికెన్‌లో వేస్తా అన్నాను. పానం బాగుండాదా నీకు అని అడిగింది.

జూన్ 19, గురువారం

రాయి.

జూన్ 20, శుక్రవారం

ఉదయం. రాయే.

మధ్యాహ్నం. ఒకటి కొంచెం మెత్తబడినట్టు అనిపించింది. అది నా బొటనవేలు నొప్పి.

సాయంత్రం. నేను బియ్యం డబ్బాలో మోచేతి దాకా చేయి పెట్టి ఉండగా ప్రమీల చూసింది. మేఘన పుట్టినప్పుడు గూడా ఇన్నిసార్లు తొంగి చూడలేదు నువ్వు అంది. ఇది నిజమే. డబ్బా మూత పెట్టేశాను.

జూన్ 21, శనివారం

చేను నుంచి తొందరగా వచ్చాను. ప్రమీల తన పాత కుట్టుమిషన్ ముందు కూర్చుని ఫోన్లో ఏదో చూస్తోంది. కొత్త మెషీన్ వీడియో. తెర మీద వరసగా ఇంగ్లిష్ బటన్లు. మిషన్ బల్ల మీదే వేలితో ఉత్తుత్తిగా నొక్కుతోంది, ఒకటి, రెండు, మూడు. నన్ను చూసి ఫోన్ బోర్లా పెట్టేసింది. ఏంది అంటే, సుమ్నె, ఊరికే చూస్తాండా అంది.

ఇంకా ఏదో అడగాలనుకున్నాను. కానీ డబ్బాలో చేయి పెడితే, పండు మెత్తబడింది! నాలుగూ మెత్తబడ్డాయి! వేలు పెడితే వెన్నే. ఎల్లక్కను గోడ దగ్గరికి పిలిచి ఒకటి నొక్కనిచ్చాను. ఇంక సుమ్మనుండప్పా, పోయి పండుకో, పొద్దున్నే లేయాల కదా అంది.

జూన్ 22, ఆదివారం

ఉదయం 6. చికెన్ అంగడి ఇంకా తెరవలేదు. నేను నిలబడి ఉన్నాను.

ఉదయం 10. చికెన్‌కు వెల్లుల్లి, మిరియాలు, మన చేని ఎండుమిరపకాయల పొడి పట్టించాను. మేఘన బస్సు దిగి వచ్చింది. వంటింటి తలుపు గడియ పెట్టేశాను. బయట తల్లీకూతుళ్ళు నవ్వుకుంటున్నారు. నవ్వనీ.

సాయంత్రం 5. చికెన్ వేగింది. ఒక ముక్క తిన్నాను. ఇంకొకటి తిన్నాను. ఇంక తినకూడదు, చికెన్ అంతస్తుకు చాలదు. అన్నం పొడిపొడిగా వచ్చింది. పండ్లు మూడు కోశాను. లోపల ఆ పచ్చదనం ఏం చెప్పాలి! మెదిపి, ఉప్పు, నిమ్మకాయ, ఉల్లిపాయ. చక్కెర డబ్బా కనబడకుండా అటక మీద పెట్టాను.

సాయంత్రం 6. పెద్ద స్టీల్ డబ్బాలో అన్నం, బటర్ ఫ్రూట్, చికెన్, మళ్ళీ అన్నం వేసి గరిటెతో ఒత్తాను. వీడియోలో ఇక్కడితో బోర్లించేసింది ఆ పిల్ల. దమ్ పెట్టేది మరిచిపోయినట్టుంది. చిన్న పిల్ల, పాపం. నేను మరిచిపోలేదు. మూత పెట్టి, చుట్టూ గోధుమపిండి పూసి, పెనం మీద సిమ్‌లో ఇరవై నిమిషాలు.

రాత్రి 8. అంతా అయిపోయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ముందు ప్రమీలను కూర్చోబెట్టాను. మా ఇంట్లో ఆమె అందరికీ పెట్టి చివర్లో తింటుంది, అది కూడా పొయ్యి దగ్గర నిలబడి. కూర్చోబెడితే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు. కాసేపు కొంగు సర్దుకుంది, కాసేపు ప్లేటు తిప్పింది. ఎల్లక్క పిలవకుండానే వచ్చి గడపలో కూర్చుంది.

డబ్బా బోర్లించి, మూడుసార్లు తట్టి, పైకి ఎత్తాను. నిలబడింది! మేడ నిలబడింది! మేఘన చప్పట్లు కొట్టింది. ఎల్లక్క, కూలకముందే ఫొటో తీయండి అంది. ప్రమీల కళ్ళు పెద్దవి చేసి చూసింది. నా పెళ్ళిలో కూడా నేను అంత పొడుగ్గా నిలబడలేదు.

మొదటి ముద్ద తల్లీకూతుళ్ళు ఒకేసారి పెట్టుకున్నారు. ఒకేసారి ఆగారు.

నేనూ పెట్టుకున్నాను. వేపాకు. వేపాకును నూరి, మళ్ళీ వేపాకులో కలిపినట్టు. ఆ పచ్చ లేయర్ రంగు కూడా మారి, చెరువు అడుగు మట్టిలా ఉంది.

నాయనా, దమ్ పెట్టినావా అని మేఘన అడిగింది. లేయర్లు వేసినాక దమ్ పెట్టక ఏం చేస్తారమ్మా అన్నాను. అది వేడి చేస్తే చేదైతాది, వీడియోలో యాడుండాది దమ్ అంది. ఆ పిల్ల మరిచిపోయిందనుకున్నా అన్నాను. ఎల్లక్క గడప పట్టుకుని నవ్వింది. మేఘనకు పొలమారింది. నేనూ ఆపుకోలేకపోయాను, చేదు నోటితోనే నవ్వాను.

ప్రమీల నవ్వలేదు. పచ్చది పక్కకు తోసి చికెన్ తింది, అన్నం తింది. కోడి బాగుండాది అంది. తినేటట్టుంటే అన్నాను కదా, ఇది తినేటట్టు లేదు, ఓడిపోయినా, నాకు ఓడేది కొత్త కాదు అన్నాను. ఒక పండు మిగిలింది కదా, వచ్చే ఆదివారం దమ్ లేకుండా చేస్తా అని కూడా అన్నాను.

అప్పుడు అడిగింది, ఇంతమంది ముందర ఇట్లయింది, నీకు సిగ్గు కాలేదా అని. ఎగతాళిగా కాదు. నిజంగానే, దారి అడిగినట్టు అడిగింది.

సిగ్గు ఎందుకే, ఎవరికీ ఏం కాలేదు కదా, కోడికి తప్ప అన్నాను.

ప్లేటు వైపు చూస్తూ చెప్పింది. నీ అన్నం గురించి కాదప్పా, నీకు ఎట్లో అట్ల జరుగుతాది, హోటల్లున్నాయి, ఎల్లక్క ఉండాది. నాకు బయమయితాది. ఆ మెషీన్లో అంతా ఇంగ్లిషే. ఆడ అందరూ చదువుకున్న చిన్నపిల్లలుంటారు. వాళ్ళ ముందర నేను ఏదో ఒకటి నొక్కి, అది ఆగిపోతే? ఇరవై రెండేండ్లు మంచి పేరు తెచ్చుకుని, ఈ వయసులో నగుబాటు కావాల్నా?

నాకు నిన్న బోర్లా పెట్టిన ఫోన్ గుర్తొచ్చింది. నేను పండు నొక్కుతూ ఉన్నాను, ఈమె బల్ల నొక్కుతూ ఉంది.

నోటికి వచ్చింది చెప్పాను. నువ్వు తప్పు నొక్కితే ఏమయితాదే, ఒక ప్యాంటుకు మూడు కాళ్ళొస్తాయి, అంతే కదా, దాన్ని ఎవరూ నమలాల్సిన పని లేదు అన్నాను.

అప్పుడు నవ్వింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా. తర్వాత లేచి, చేయి కడుక్కుని, బీరువాలో నుంచి ఫారం తీసి, మేఘన దగ్గర పెన్ను అడిగింది.

జూన్ 23, సోమవారం

ఫారం ఇచ్చి వచ్చింది. నాకు ఇంకా నోరు చేదుగానే ఉంది.

జూన్ 29, ఆదివారం

పొద్దున్నే బళ్ళారి బస్టాండులో ఎక్కించాను. ఒక సంచి బట్టలు, ఒక సంచి కారం పొడులు. బెంగళూరులో కారం ఉండదని ఎవరో చెప్పారట. కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదిలాక, సిలిండర్ ఆఫ్ చేసి పండుకో అని అరిచింది. బస్టాండులో ఉన్నవాళ్ళంతా నా వైపు చూశారు. నేను సంతోషంగా చేయి ఊపాను.

జూలై 1, మంగళవారం

ఫోన్ చేసింది. రెండో రోజే ఏదో నొక్కిందట, మెషీన్ ఆగిపోయిందట, పద్దెనిమిది మంది చూశారట. నవ్వుతూ చెప్పింది. మధ్యలో నవ్వు ఆగక, మళ్ళీ మొదటి నుంచి చెప్పింది.

తిన్నావా అని అడిగింది. తిన్నానన్నాను. తర్వాత పోయి పొయ్యి వెలిగించాను.