గడపలో నిలబడ్డవాళ్ళు

అత్తా, ఎలా ఉన్నావు? ఇలా అడగొచ్చో లేదో... నువ్వు వెళ్ళి ఏడాది దాటింది. మళ్ళీ మిరప కోతలొచ్చాయి. వినుకొండ రోడ్డు పొడుగునా కళ్ళాలే. నువ్వుంటే ఈపాటికి తుమ్ముతూ, ఆ ఆరబోసినవాళ్ళని తిడుతూ ఉండేదానివి.

ముందు అసలు సంగతి చెప్తాను. మనమిప్పుడు సిద్దిఖీలం. నవ్వకు. నీ కొడుకు పరుపుల కొట్టు బోర్డు మీద కూడా అదే రాయించాడు. గుంటూరు నుంచి ఒక పెద్దాయన వచ్చి, మన వంశం మొదటి ఖలీఫా అబూబకర్ గారి దగ్గర మొదలైందని చెప్పాడు. వంశవృక్షం గీయించి ఇచ్చాడు. దానికి అద్దం కట్టించి ముందు గదిలో తగిలించాం. అరబ్బు దేశం నుంచి నీ కొడుకు దాకా అందరూ ఉన్నారు అందులో. మన పుల్లయ్య తాత, పకీరయ్య తాత మాత్రం లేరు.

నీ కొడుకుని తిట్టలేను అత్తా. పెళ్ళిళ్ళలో దూదేకులోళ్ళు కదా అని మనల్ని ఆఖరి బంతికి ఆపినప్పుడల్లా ఆయన మొహం చూసినదాన్ని. అంత గొప్ప మనిషి సంతతి అనిపించుకోవడం ఎవరికి చేదు? కానీ మనవాళ్ళు ఏమైపోవాలి...

గురువారం ఫాతెహా మనింట్లో ఎలా జరిగేదో నీకు నేను చెప్పాలా? మగవాళ్ళు చదవడం, పోయినవాళ్ళ పేర్లు ఇంటి ఆడమనిషి అందించడం. సాంబ్రాణి పొగలో కళ్ళు మూసుకుని, అన్నానికి పిలిచినట్టే ఒక్కొక్కరినీ పిలిచేదానివి. ఒకసారి త్వరగా కానిమ్మన్నందుకు నన్ను కసిరావు. "పిలవకపోతే రారనుకున్నావటే? వస్తారు. వచ్చి గడపలో నిలబడతారు. లోపలికి రాలేరు, తిరిగి పోలేరు."

నువ్వు పోయాక నీ కొడుకు అద్దంలో ఉన్న పేర్లే చెప్పమన్నాడు. చెప్పాను.

మొదట రజియాని చూశాను. నీ మనవరాలు కాలేజీ నుంచి వచ్చి, గడప దగ్గర ఆగి, పుస్తకాలు గుండెకి అదుముకుని, పక్కకి తిరిగి లోపలికి వచ్చింది. క్రిక్కిరిసిన బస్సులో నడిచినట్టు. అలా వచ్చావేమే అంటే, ఎలా వచ్చానని నన్నే అడిగింది. పాలు పోసే ఆవిడా అంతే. నీ కొడుకైతే అంత లావు మనిషి, పొట్ట లోపలికి పీల్చుకుని మరీ వస్తాడు. వాళ్ళకి తెలియదు. గురువారం పొద్దుగూకే వేళ మాత్రమే ఇలా. మిగతా రోజులన్నీ మామూలే.

మర్నాడు ఊడుస్తుంటే గడప మీద దూది. సన్నగా, పొగలా ఏకిన దూది. జిన్నింగు మిల్లు నుంచి గాలికి కొట్టుకొచ్చిందంటాడు నీ కొడుకు. వానాకాలంలో మిల్లు మూసి ఉన్నప్పుడు కూడా ఉంది అత్తా. మన కొట్లో ఎప్పుడో ఫోము పరుపులొచ్చేశాయి. మరి అది ఎవరు ఏకిన దూది?

వాళ్ళంటే నాకు భయం లేదు. మనవాళ్ళేగా. ఎదురుగా అన్నం కనబడుతుంటే ఆకలితో అలా నిలబడ్డారే అని కడుపు తరుక్కుపోయింది. రేపు నన్నూ ఇలాగే నిలబెడతారేమోనని దిగులు పట్టుకుంది.

మొన్న గురువారం తెగించాను. అద్దంలో పేర్లయ్యాక ఆపలేదు. పుల్లయ్య తాతని, పకీరయ్య తాతని, పెద మస్తాను తాతని... నీ నోట విన్న ప్రతి పేరునీ గట్టిగా పిలిచాను. నీ కొడుకు చదువు ఆపి నా వైపు చూశాడు. మళ్ళీ చదివాడు. బయటికి పోతున్న సాంబ్రాణి పొగ వెనక్కి మళ్ళి ఇల్లంతా నిండింది. కాసేపటికి రజియా వచ్చింది. తిన్నగా, చేతులూపుకుంటూ వచ్చింది. అక్కడే కూలబడి ఏడ్చాను.

తర్వాత చెంబు తీసుకుని బయటికి వెళ్ళబోతే, నా భుజం దానంతటదే పక్కకి తిరిగింది.

ఇంకా ఒకరున్నారు. పొట్టి మనిషి. నా మోచేతికి చీర కొంగు చల్లగా తగిలింది. తమలపాకు వాసన...

నీ నోట విన్న పేర్లన్నీ చెప్పాను కదా అత్తా. నీ నోట నీ పేరెలా ఉంటుంది? అద్దంలో ఆడవాళ్ళే లేరు. నువ్వు పోయిన నలభయ్యోనాడు ఫాతెహా చదివిన హజరత్ గారు కూడా ఈ ఇంటి తల్లి అన్నారు తప్ప పేరు అడగలేదు. ఇక నేను... మేనత్తవి నువ్వే, అత్తగారివి నువ్వే. అత్త పేరు కోడలి నోట రాకూడదని నువ్వే నేర్పావు. ఏడాదిగా నీ గడపలోనే నిలబడ్డావా?

వచ్చే గురువారం పిలుస్తాను, ఎవరేమనుకున్నా సరే. నోరు తిరగాలిగా, ముందు ఇక్కడ రాస్తున్నాను.

ఖాసింబీ.

దూదేకుల ఖాసింబీ... లోపలికి రా. అన్నం పెట్టాను.

నీ కోడలు,
హుసేన్‌బీ