మాల తీసే ముందురోజు

ఆదివారం రాత్రి, దోర్నాల సత్రం

అడవి గేటు మూసేశారు. తెల్లవారాకే శ్రీశైలం ప్రయాణం. రేపు అక్కడ నా శివమాల తీసేయాలి. దీన్ని వేసుకున్న నాటి నుంచి మందు ముట్టలేదు.

సాయంత్రం హోటల్లో పక్క బల్ల దగ్గర ఎవరో సోడా కొట్టారు. ఆ చప్పుడుకే నోరూరింది, ఒళ్లంతా తేలికైంది. మార్కాపురం డాక్టరు ముందే చెప్పాడు: "మందు ఒంట్లోంచి పోతాది నాయనా. అది ఇచ్చిన సుఖాన్ని మాత్రం మెదడు మరిచిపోదు. చిన్న గుర్తు తగిలినా చాలు, మళ్లీ అడుగుతాది."

"ఏంది స్వామీ, మీలో మీరే నవ్వుకుంటా ఉండారు?" అని మా ఆవిడ అడిగింది.

శివుణ్ణి తలుచుకున్నానన్నాను. పొంగిపోయి నాకు దండం పెట్టింది.

ఇన్నాళ్ల పూజల్లో ఒక్కసారి కూడా నాకు ఆ సోడా చప్పుడుకు కలిగినంత సంతోషం కలగలేదు.