నేను దిద్దిన నోటుబుక్కులు

నవంబర్ 6

ఈరోజు కూడా మా ఆయన బడి నుంచి వచ్చి బూట్లతోనే మంచం మీద వాలిపోయారు. అన్నం పెట్టనా అంటే ఊఁ అన్నారు. పెట్టాక ఆకలి లేదన్నారు.

నవంబర్ 8

జూన్‌లో బడి తెరిచినప్పుడు ఇలా లేరు. ఆయన లెక్కలు చెప్పే ఏడో తరగతి కబుర్లే నాకు సినిమా. ఎవరు ఎలా నడుస్తారో, హోంవర్క్ ఎందుకు చేయలేదంటే ఎలా అబద్ధమాడతారో, అన్నీ చేసి చూపించేవారు. చివరి బెంచీలో ఒక పిల్ల ఉందట, లెక్క చెప్తే చాలు ఎందుకు సార్ అంటుందట. ఆ పిల్లకి ఆయన పెట్టుకున్న పేరు పేచీ. నేనెప్పుడూ చూడలేదు గానీ వీధిలో ఎదురుపడితే గుర్తుపట్టేస్తాను.

ఆగస్టులో ఇద్దరు టీచర్లు మానేశారు. వాళ్ల పీరియడ్లన్నీ ఈయన నెత్తిన పడ్డాయి. ఇప్పుడు మూడు సెక్షన్లు, నూట నలభై మంది పిల్లలు. పేచీ ఎలా ఉంది అని అడిగాను. ఎవరు అన్నారు.

నవంబర్ 11

శనివారం ఒంటిపూట బడి కదా అని త్వరగా వండాను. సాయంత్రం ఐదింటికి వచ్చారు. టీచర్లలో ఉత్సాహం తగ్గిందని హెడ్ మేడమ్ కోటు వేసుకున్న ఒకాయన్ని పిలిపించారట. ఎవరికి వాళ్లు చప్పట్లు కొట్టుకోమన్నాడట. తర్వాత అందరి వీపులకీ కాగితాలు అంటించి, ఒకరిలో మంచి గుణం ఇంకొకరు రాయాలన్నాడట. ఈయన వీపు మీద నలుగురు ఒకే మాట రాశారు, శాంతస్వభావి అని. శాంతమూ లేదు పాడూ లేదు, అరవడానికి ఓపిక లేక ఊరుకుంటున్నాను అన్నారు. చివర్లో, ఉత్సాహం ఎంత పెరిగిందో ఫారం నింపి ఇవ్వమన్నారట, మూడు కాపీలు.

ఆ కాగితం చొక్కాకి ఇంకా అతుక్కునే ఉంది. నేనే పీకాను.

నవంబర్ 15

మా బావగారు, ఈయన అన్నయ్య, ఫోన్ చేశారు. తన ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో మేనేజర్ కుర్చీ ఖాళీ అయిందట. నూట నలభై మంది మీద గొంతు చించుకునే కన్నా నలుగురు డ్రైవర్ల మీద చించుకోవడం నయం కదరా, డిసెంబర్ పదిహేనుకల్లా వచ్చెయ్ అన్నారట.

ఈయన రాజీనామా రాసేశారు. హెడ్ మేడమ్ చదివి సొరుగులో పెట్టుకున్నారట. సగం ఏడాదిలో పోతే పిల్లలేం కావాలి అని అడగలేదట. మూడు సెక్షన్ల నోటుబుక్కులూ దిద్ది అప్పజెప్పండి, అప్పుడు సంతకం పెడతాను అన్నారట.

నన్నెవరూ ఏమీ అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్నో నాకూ తెలియదు.

నవంబర్ 22

హాఫ్ ఇయర్లీ పరీక్షల సెలవులు. గుమ్మం పక్కన మూడు గోనెసంచుల నిండా నోటుబుక్కులు. ఆయన నిద్రపోతున్నారు.

నవంబర్ 23

నిద్రపోతున్నారు.

నవంబర్ 24, మధ్యాహ్నం

ధైర్యం చేసి అడిగాను, నేను టిక్కులు పెట్టనా అని. కళ్లు తెరవకుండానే పెట్టెయ్ అన్నారు. ఎవరు చూడొచ్చారు అన్నారు.

నేను ఐదు వరకే చదివాను. ఈ లెక్కల్లో అంకెల పక్కన ఎక్స్ ఉంది. వాటి చుట్టూ బ్రాకెట్లు. ఏది ఒప్పో ఎలా తెలుస్తుంది? అన్ని పుస్తకాలూ తిరగేశాను. ఒకదానిలో అక్షరాలు ముత్యాలే. మార్జిను స్కేలు పెట్టి గీసింది, ఒక్క కొట్టివేత లేదు. ఇంత శ్రద్ధగా రాసిన పిల్లకి తప్పెలా వస్తుంది అనుకున్నాను. దాన్ని ముందు పెట్టుకుని, దానితో కలిస్తే టిక్కు, కలవకపోతే ఇంటూ.

నవంబర్ 26

అయిపోయాయి. వేలికి కాయ కాసింది. ఇంత సంతోషం నాకు ఈమధ్య లేదు. ఆయన లేచి, ఒక్క పుస్తకమూ విప్పి చదవకుండా, నూట నలభై సంతకాలు పెట్టారు.

నవంబర్ 28

ఏం రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పుస్తకాలు పంచగానే పేచీ లేచిందట. సార్, నా ఆరో లెక్కకి ఇంటూ పెట్టారు, ఎందుకు అంది. దిద్దింది దిద్దినట్టే, కూర్చో అన్నారట ఈయన. కూర్చోలేదు. ఎందుకో చెప్పండి సార్, కూర్చుంటాను అంది. నీతో ఇదే పేచీ అని ఈయన విసుక్కున్నారు. ఆ పిల్ల నేరుగా బోర్డు దగ్గరికి వెళ్లి లెక్క చేసేసింది. పన్నెండు ఎక్స్‌లోంచి, బ్రాకెట్‌లో ఐదు ఎక్స్ మైనస్ మూడు ఎక్స్ తీసేయాలి. పది ఎక్స్ వచ్చింది. నేను టిక్కు పెట్టినవన్నీ నాలుగు ఎక్స్. ఈయన మిగతా పుస్తకాలు తిప్పి చూశారట. ఒప్పు చేసినవాళ్లందరికీ ఇంటూ, తప్పు చేసినవాళ్లందరికీ టిక్కు, కింద ఆయన సంతకం.

తిడతారనుకున్నాను. ఏది చూసి దిద్దావు అని మెల్లగా అడిగారు. చేతిరాత చూసి అన్నాను. ఆయనకి నవ్వొచ్చింది. పొలమారేదాకా నవ్వారు. ఉన్నట్టుండి ఆపేసి, నేను చేస్తున్నదీ అదేలే అన్నారు. ఆగస్టు నుంచి అక్షరాలు చూసే మార్కులు వేస్తున్నాను, ఆ పిల్ల రాత కోడి కెలికినట్టు ఉంటుంది, చదవనే లేదు అన్నారు.

రేపు క్లాసులో నిజం చెప్పేస్తారట. వద్దని బతిమాలాను. నా తల ఎక్కడ పెట్టుకోను? అయితే సరైన లెక్క చేసినవాళ్లు తప్పు చేశామనుకుని ఉండాలా అని అడిగారు.

నవంబర్ 29

చెప్పేశారు. పిల్లలేమన్నారు అని వంటింటి తలుపు వెనక నుంచి అడిగాను. ఆంటీ ఎంతవరకు చదివారు సార్ అని అడిగారట. ఐదు అనగానే ఎవరో కిసుక్కున నవ్వారట. పేచీ మాత్రం, ఐదు దగ్గరే ఎందుకాపేశారు అంది. తెలియదు అని చెప్పాల్సొచ్చింది అన్నారు.

ఇప్పుడు చెప్పు, ఎందుకాపేశావు అన్నారు. పెళ్లయి రెండేళ్లు, ఈ మాట ఇవాళ అడిగారు. మా దగ్గర బడి ఐదు వరకే, ఆరుకి రెండు బస్సులు మారాలి, తోడు లేక మానేశాను అన్నాను. అంతే, ఇందులో పెద్ద కథేమీ లేదు.

డిసెంబర్ 2

సంచులు మళ్లీ ఇంటికొచ్చాయి. ఆరో లెక్కని, ఐదు వరకు చదివినవాళ్లకి అర్థమయ్యేలా రాయమని ఈయన పనిచ్చారట. ముత్యాల అక్షరాల పిల్ల తన లెక్క తప్పని ఏడ్చిందట. మళ్లీ అందరికన్నా ముందు రాసిచ్చింది తనేనట.

ఒకరు బొమ్మ వేశారు. ఒకరు మా అమ్మకి కూడా రాదు, ఫర్వాలేదు ఆంటీ అని రాశారు. పేచీది ఆయనే కూడబలుక్కుని చదివిపెట్టారు. ఆంటీ గారూ, ఎక్స్ అంటే భయపడకండి, పెన్సిల్ అనుకోండి. మీ దగ్గర పన్నెండున్నాయి. తమ్ముడు ఐదు తీసుకున్నాడు, మూడు తిరిగిచ్చేశాడు. మీరు ఆ మూడు కూడా వాడే తీసుకున్నాడని పాపం వాణ్ని దొంగని చేశారు. అర్థం కాకపోతే సార్‌ని అడగండి, సార్‌కి బాగా వచ్చు.

ఆ చివరి మాట రెండుసార్లు చదివారు. పుస్తకం మూసి, మంచినీళ్లు ఇమ్మన్నారు.

డిసెంబర్ 5

మళ్లీ బూట్లతో నిద్ర. ఇంకో టీచరుకి జ్వరమట. ఏడు పీరియడ్లూ ఈయనే నిలబడ్డారు. కాళ్లు పట్టాను. అంతా మారిపోయిందని రాయబోయాను గానీ, మారలేదు.

డిసెంబర్ 8

నోటుబుక్కులన్నీ ఆయనే దిద్దేశారు, ప్రతి గీతా చదివి, పక్కన కూర్చున్న నాకూ ఆ లెక్కలు చెప్తూ. హెడ్ మేడమ్ సొరుగులోంచి ఉత్తరం తీసి, ఇక సంతకం పెట్టేయనా అన్నారట. రేపు చెప్తాను అని వచ్చేశారు.

నువ్వేమంటావు అని నన్నడిగారు. మీ ఇష్టం అనబోయాను. నోటిదాకా వచ్చింది కూడా. కానీ నేలకేసి చూస్తూ, ఏడో తరగతి పుస్తకంలో ఇంకా ఆరు పాఠాలున్నాయి, మీరు డ్రైవర్ల దగ్గరికి పోతే అవి నాకెవరు చెప్తారు అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అలసిపోయాను, నీకు తెలుసు కదా అన్నారు. తెలుసు అన్నాను.

డిసెంబర్ 9

బావగారికి ఫోన్ చేశారు. యాన్యువల్ పరీక్షలయ్యాక చూద్దాం అన్నయ్యా అన్నారు. అవతల నుంచి, కుర్చీ నీకోసం ఏప్రిల్ దాకా దుమ్ము పట్టి కూర్చుంటుందా, నీ ఖర్మ అన్నది నాకు ఇక్కడికి వినిపించింది.

డిసెంబర్ 16

ఈరోజు నేను లెక్కలు చేసిన నోటుబుక్కు పిల్లల పుస్తకాలతో పాటు బడికి వెళ్లింది. నూట నలభై ఒకటోది. నేను ఇంట్లోనే ఉన్నాను.