చచ్చిన తీగ

కకిరిగుమ్మ

గణపతిరావు బావకు,

మీరు ఫోను ఎత్తడం లేదు. అందుకే కొరాపుట్ బస్సు డ్రైవరు చేత ఈ ఉత్తరం పంపుతున్నాను. అక్కకు చెప్పకండి.

మా చిన్న జలవిద్యుత్ కేంద్రాన్ని గ్రిడ్‌కి కలపడానికి మీ ఆఫీసు ఇన్నాళ్లకు అనుమతిచ్చింది. గురువారం లైన్లోకి కరెంటు వదలాలి. లేకపోతే గ్రిడ్ వరసలో మా వంతు మా వెనకున్న కేంద్రాలకు పోతుందని ఓనరు భయం. కానీ వానలకు కొండవాలున స్తంభం ఒరిగి, తీగలు చేతికందేంత కిందకి వేలాడుతున్నాయి. ఊరి ఆడవాళ్లు వాటిమీదే బట్టలు ఆరేస్తున్నారు. తనిఖీ వానలకు ముందే అయిపోయింది. స్తంభం సంగతి తర్వాత చూద్దామంటాడు ఓనరు.

కరెంటు వస్తోందని మైకులో చెప్పించాం. ఇదివరకు రెండుసార్లు అలాగే చెప్పించాం, మీ అనుమతి రాక ఊరుకున్నాం. ఇప్పుడెవరూ నమ్మడం లేదు. మా సైటులో వంట చేసే పుణ్యవతి అయితే నవ్వేసింది.

"సచ్చిన తీగ, బయపడకండని నువ్వే సెప్పేవు కదేటి బాబూ!"

వంతు పోకుండా పదిహేను రోజులు గడువిప్పించండి బావా. స్తంభం నిలబెట్టేస్తాం.

వాళ్లు బట్టలు ఆరేసేది పొద్దున్నే. గురువారం పొద్దున్న స్విచ్ వేయాల్సింది నేనే.

మీ బావమరిది