ఒక్క కేకకు ఇద్దరు

ఆత్మకూరు,
ఆదివారం.

చేజర్ల పెంచలప్రసాద్ బావకు,

బావా, ఒప్పుకున్నారు! ప్రోగ్రాంలో తప్పులు పట్టే కంపైలర్‌కు నేను రాసి పంపిన మార్పును, రెండుసార్లు తిప్పికొట్టిన దాని నిర్వాహకులే ఈరోజు తీసుకున్నారు.

ప్రోగ్రాంలో పేరు పెట్టి పిలిస్తే పని చేసిపెట్టే ముక్కల్ని ఫంక్షన్లంటారు. ఒకే పేరుతో అలాంటివి రెండుండి, మనం ఏది పిలిచామో తేలకపోతే, కంపైలర్ ఇన్నాళ్లూ "పిలుపు స్పష్టంగా లేదు" అని విసుక్కుని ఆగిపోయేది. నేర్చుకునేవాళ్లు తల పట్టుకునేవాళ్లు.

నీకూ, కలువాయి ఊళ్లో ఉండే అన్నకూ పెంచలకోన స్వామి పేరిట పెంచలప్రసాద్ అనే పెట్టారు కదా. అవ్వ ఒక్క కేకేస్తే మీరిద్దరూ పరిగెత్తుకొచ్చేవాళ్లు. అవ్వ ఏమనేది? "తప్పు మీది కాదురా, పిలిచిన నాదే. కలువాయోడు కాదు, చేజర్లోడు రా!" కంపైలర్ కూడా ఇప్పుడు వచ్చిన ఇద్దరినీ చూపించి, ఎవరు కావాలంటే ఎలా పిలవాలో చెబుతుంది.

ఈ మాట చెబితే అవ్వ పడీపడీ నవ్వి, వీధి వాకిట్లోకి పోయి "ఒరే పెంచలప్రసాదూ!" అని కేకేసింది.

"ఏ ఊరోణ్ణి అవ్వా?" అన్నాను.

"ఎవరొచ్చినా సరే. ఇద్దర్నీ చూసి ఏడాదైనాది" అంది.

ఆ కేకలో తప్పు పట్టడం నాకు చేతకాలేదు బావా. అన్నకూ రాస్తున్నాను. ఇద్దరూ రండి.

నీ మరదలు